రేకుపై నిలిచిన పాట

మనిషి పోయినను మాట నిలుచునని పెద్దలందురు. కాని మాట తనంతట తాను నిలువదు. దానిని నిలిపినవాడొకడు ఉండవలెను. నిలిచినదానిని వెదకి తీసి, పదిమంది యెదుట నుంచినవాడు మరియొకడు ఉండవలెను. ఈ యిద్దరిలో ఏ యొక్కడు లేకున్నను, ఎంతటి విద్వాంసుని పేరైనను రెండు తరములలో మాసిపోవును. ఈ సత్యమునకు నిదర్శనముగ నిలిచిన ఒక గిటారు వాద్యకారుని చరిత్రను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి. ఆతని పేరు రాబర్టు జాన్సన్. అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రమునకు చెందిన నల్లజాతివాడు. ఆతడు జీవించినది 27 ఏండ్లు. ధ్వనిముద్రణ యంత్రము ముందు కూర్చున్నది రెండు పర్యాయములు. మరణించిన పిమ్మట 23 ఏండ్లకు వెలువడిన ఒక్క సంకలనము ఆతనిని ప్రపంచ సంగీతమున చిరస్మరణీయుని గావించినది.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములవారికి ఈ పరదేశపు కథతో పని యేమని ఎవరైనను అడుగవచ్చును. పని కలదు. మొదటిది పత్తి, రెండవది రేకు.

నల్లమల కొండలకును ఎర్రమల కొండలకును నడుమ కుందూ నది పారు నల్లరేగడి నేల మనది. ఈ నేలకును పత్తికిని గల బాంధవ్యము ప్రాచీనము. నంద్యాలలోని వ్యవసాయ పరిశోధన కేంద్రము వయస్సు నూరేండ్లు దాటినది. 'నరసింహ' అను పేరుగల పత్తి వంగడము అచటినుండి వెలువడినదే. మిసిసిపీ, యాజూ నదుల నడుమ గల సమతలమును అచటివారు డెల్టా యందురు. అదియును పత్తి భూమియే. బానిసత్వము 1865లో చట్టరీత్యా తొలగిపోయినను, నల్లజాతివారు అచట పాలికాపులుగనే మిగిలిరి. భూస్వామి విత్తనమిచ్చును, తిండిగింజలు తన అంగడినుండియే అప్పిచ్చును, పంట చేతికి వచ్చిన తరువాత లెక్క చూచును. ఆ లెక్కలో పాలికాపునకు మిగులునది తరచుగ అప్పే. అప్పు తీరని రైతు బ్రతుకెట్టిదో రాయలసీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

అట్టి చేలలో, అట్టి గుడిసెలలో పుట్టినది 'బ్లూస్' అను పాట. దీని కట్టడి సరళమైనది. మూడు పాదములు, మొదటి పాదమును రెండుమారులు పాడుదురు, మూడవ పాదము దానికి సమాధానముగ వచ్చును. మన పల్లవిని మరల మరల ఎత్తుకొనునట్లే, చెప్పిన బాధను మరల చెప్పి, పిదప దాని తెగువనో తీర్పునో చెప్పుట ఇందలి పద్ధతి. ఇందలి గాంధారము మన సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ ఊగులాడుచుండును. ఆ ఊగులాటయే ఈ పాటకు ప్రాణము. గిటారు తీగలపై సీసా మెడనో కత్తినో జార్చి ఆ ఊగులాటను సాధింతురు. గోటువాద్యము విన్నవారికి ఈ విద్య అపరిచితము కాదు.

బ్లూస్ నుండియే తరువాత 'రాక్' సంగీతము పుట్టినది. ఆళ్లగడ్డలో రాయి అనగానే శిల్పుల ఉలి గుర్తుకు వచ్చును గాని, ఇచట రాక్ అనగా రాయి కాదు; ఊపు అని అర్థము. ఆ ఊపునకు మూలపురుషులలో జాన్సన్ ముఖ్యుడు.

ఆతడు 1911వ సంవత్సరమున హేజిల్‌హర్స్ట్ అను ఊర జన్మించెనని పరిశోధకులు నిర్ణయించిరి. బాల్యము కొంత మెంఫిస్ నగరమునను, కొంత డెల్టాలోని రాబిన్సన్‌విల్ ప్రాంతమునను గడచెను. తొలుత నోటితో ఊదు మౌతార్గాన్ వాయించెడివాడు. 1929లో వివాహమాడెను. మరుసటి ఏడు, పదునారేండ్ల భార్య ప్రసవమందు మరణించెను. పిదప ఆతడు చేనిపనికి మరలలేదు.

అప్పటికి ఆ ప్రాంతమున సన్ హౌస్, విల్లీ బ్రౌన్ అను గాయకులు ప్రసిద్ధులు. వారు విశ్రాంతి తీసికొను వేళ జాన్సన్ వారి గిటారును చేతబట్టి అపస్వరములు పలికించెడివాడనియు, వినువారు విసుగు చెందెడివారనియు సన్ హౌస్ తరువాతి కాలమున చెప్పెను. కుర్రవాడు ఊరు విడిచి పోయెను. తిరిగి వచ్చునప్పటికి ఆతని వాద్యమునకు పెద్దలే నివ్వెరపోయిరి. ఈ నడిమి కాలమున ఆతడు ఐక్ జిమ్మర్మన్ అను వాద్యకారునియొద్ద శిష్యరికము చేసెను. ఈ గురుశిష్యులు రాత్రులందు శ్మశానమునకు పోయి సాధన చేసెడివారు. కారణము భయంకరమైనదేమియు కాదు. అచట వాయించినచో నిద్ర చెడువారు లేరు.

జాన్సన్ వాద్యమందలి విశేషమును సంగ్రహముగ చెప్పుదుము. బొటనవ్రేలు మంద్రస్థాయి తీగలపై నడకవలె ఎడతెగక లయను నిలుపుచుండును. తక్కిన వ్రేళ్లు పై తీగలపై గొంతునకు బదులు పలుకుచుండును. పియానోపై ఎడమచేయి కుడిచేయి చేయు రెండు పనులను ఆతడు ఒక్క గిటారుపై తెచ్చెను. కీత్ రిచర్డ్స్ అను సుప్రసిద్ధ ఆంగ్ల వాద్యకారుడు యౌవనమున ఈ పాటలను తన మిత్రుడు బ్రయాన్ జోన్స్ గదిలో మొదట విన్నప్పుడు, పాడువానితోకూడ వాయించుచున్న రెండవవాడెవ్వడని అడిగెనట. రెండవవాడు లేడు.

1936 నవంబరు నెలలో టెక్సాస్ రాష్ట్రమునందలి శాన్ ఆంటోనియో నగరమున, గంటర్ హోటలు గదిలో ధ్వనిముద్రణ యంత్రము నుంచి డాన్ లా అను నిర్వాహకుడు ఆతనిచే 16 పాటలు పాడించెను. మరుసటి ఏడు జూన్ నెలలో డల్లాస్ నగరమున మరి 13 పాటలు. వెరసి 29. కొన్నింటిని రెండేసి మారులు పాడించుటచే నేడు మిగిలిన ముద్రణలు 42. ఇంతియే ఆతని సంగీత సర్వస్వము. వొకేలియన్ ముద్రతో ఇందులో ఒక డజను ప్లేట్లు మాత్రమే ఆనాడు అంగడికి వచ్చెను. ప్లేటుకు రెండు వైపుల రెండు పాటలు. ఒక్కొక్కటి సుమారు మూడు నిమిషములు. ఒకానొక మోటారుకారు పేరిట పాడిన 'టెర్రాప్లేన్ బ్లూస్' ఒక్కటి కొంత చెల్లుబడి యయ్యెను. తక్కినవి అంతంతమాత్రమే.

ఇచట ఒక్క ముచ్చట. ఆనాటి ప్లేట్లు లక్కతో చేసెడివారు. ప్రపంచమున ఆ లక్క ప్రధానముగ భారతదేశమునుండియే పోయెడిది. మన అడవులలో చెట్టుకొమ్మలపై పురుగు కూర్చిన లక్క దేశాంతరములలో పాటను మోసినది. 1942లో యుద్ధ కారణమున లక్క కరవై, అమెరికాలో దాని వాడుకపై ప్రభుత్వము ఆంక్ష విధించెను. పాత ప్లేట్లను ఏరి కరగించిరి. ఎన్ని పాటలు ఆ మూసలో కలిసిపోయెనో లెక్క లేదు.

1938 ఆగస్టు 16వ తేదీన గ్రీన్‌వుడ్ అను పట్టణమునకు సమీపమున జాన్సన్ మరణించెను. విషప్రయోగమని లోకమనెను. 1968లో గేల్ డీన్ వార్డ్‌లో అను పరిశోధకుడు మరణ ధ్రువపత్రమును వెదకి తీయగా, అందు కారణము వ్రాయవలసినచోట వైద్యుడు లేడని మాత్రమే యున్నది. ఒక పేదవాని మరణమును ఆనాటి ప్రభుత్వము ఎట్లు లెక్కించెనో ఆ రెండు మాటలే చెప్పుచున్నవి. ఆతని సమాధి ఇదియని నేడు ఆ ప్రాంతమున మూడు చోట్ల శిలలు నిలిచియున్నవి.

అదే సంవత్సరము డిసెంబరు 23వ తేదీన న్యూయార్కు నగరమందలి కార్నెగీ హాలులో జాన్ హేమండ్ అను సంగీతాభిమాని నల్లజాతి సంగీత చరిత్రను చాటు గొప్ప సభ యేర్పాటు చేసెను. దానికి జాన్సన్‌ను పిలువదలచి వెదకించగా, ఆతడు మరణించెనని తెలియవచ్చెను. హేమండ్ రెండు ప్లేట్లను వేదికపై వాయించి శ్రోతలకు వినిపించెను. గాయకునికి మారుగ ప్లేటు సభకు వచ్చినది. పిదప 1941లో జానపద గేయములు సేకరించు ఆలన్ లోమాక్స్ డెల్టాకు పోయి జాన్సన్ కొరకు విచారించెను. జాన్సన్ దొరకలేదు గాని ఆతని బాణీ నెరిగిన మడ్డీ వాటర్స్ దొరకెను. ఈతడు 1943లో షికాగోకు వలసపోయి, ఆ పాటకు విద్యుత్తు గిటారును జోడించెను. ఈతని పాట పేరునే తరువాత లండనులో కొందరు కుర్రవాండ్రు తమ బృందమునకు పెట్టుకొనిరి. అదియే రోలింగ్ స్టోన్స్.

ఇక సంకలనము మాట. హేమండ్ ప్రోద్బలమున 1961లో కొలంబియా కంపెనీ, ఫ్రాంక్ డ్రిగ్స్ నిర్వహణమున, జాన్సన్ పాటలు 16 ఏరి ఒక లాంగ్ ప్లే రికార్డుగ వెలువరించెను. వానిలో కొన్ని అంతకుముందు విడుదల కానివి. దాని పేరునకు 'డెల్టా బ్లూస్ గాయకుల రారాజు' అని అర్థము. జీవించియుండగా ఆతనిని ఎవ్వరును రాజని పిలువలేదు. ఆ కిరీటమును సంకలనకర్త తొడిగెను. అట్టపై వేయుటకు ఛాయాచిత్రమైనను లేదు. అందుచే కుర్చీలో కూర్చొని గిటారుపై వంగిన మనిషిని పైనుండి చూచినట్లు ఒక చిత్రకారుడు బొమ్మ వేసెను. ముఖము కనబడదు. ముఖము లేని ఆ మనిషి తరువాతి పది పదునైదేండ్లలో అమెరికాలోను, ఆంగ్లదేశమునను ఒక తరమునకు గురువయ్యెను.

మేము ఈ సంకలనమును నంద్యాలలో ఒక మిత్రుని యింట విన్నాము. విన్నంతనే ముగ్ధులమైతిమని చెప్పజాలము. గొంతు సన్నము, భాష మనకు కొరుకుడు పడదు, ముల్లు గీచిన చప్పుడు పాట వెంట వచ్చుచునే యుండును. రెండవమారు విన్నప్పుడు బొటనవ్రేలి నడక చెవికి పట్టినది. మూడవమారు విన్నప్పుడు గొంతునకును తీగకును నడుచుచున్న సంభాషణము తెలియవచ్చినది. ఒక్కొక్కచోట గాయకుడు మాటను సగములో విడిచిపెట్టగా తీగ దానిని పూర్తిచేయును. 16 పాటలు ఒక్కచో నుండుటవలన కలిగిన లాభమిదియే. ఒక్క ప్లేటు విన్న యెడల పాట విందుము. పదునారు కూడినప్పుడు మనిషిని విందుము.

బాబ్ డిలన్ అను కవిగాయకునకు ఈ రికార్డు ప్రతిని విడుదలకు ముందే హేమండ్ ఇచ్చెను. 1965లో వెలువడిన డిలన్ రికార్డు అట్టపై ఈ సంకలనపు అట్ట కనబడును. ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్ల వాద్యకారుడు 1968లో తన బృందముతో జాన్సన్ 'క్రాస్‌రోడ్స్' పాటను విద్యుత్తు గిటారుపై వాయించి లోకప్రసిద్ధము గావించెను. 2004లో జాన్సన్ పాటలతోనే ఒక రికార్డు సమర్పించెను. 1990లో లభ్యమైన ముద్రణలు 41 కూర్చి వెలువరించిన సమగ్ర సంపుటము పది లక్షలకు పైగ అమ్ముడుపోయెను. ఆతనికి పుట్టిన కుమారుడు మిసిసిపీలో కంకర లారీ నడుపుకొనుచుండగా, 2000 సంవత్సరమున ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆతనినే వారసునిగ నిర్ణయించెను. తండ్రి పాటకు ఫలము ఆరు దశాబ్దముల తరువాత ఇల్లు చేరినది.

సంకలనము ఇంత మేలు చేసినది. అయినను అది ఏరినవాని చెవిని బట్టి యుండునని చరిత్రకారుడు మరువరాదు. 1961 నాటి సంకలనమున వేదనయు, భీతియు నిండిన పాటలు హెచ్చు. 'స్వీట్ హోమ్ షికాగో' అను ఊరి పాటయు, హాస్యపు నడక గల 'దే ఆర్ రెడ్ హాట్' అను పాటయు అందు లేవు. సహచరుల సాక్ష్యమును బట్టి చూడగా, జాన్సన్ ఎదుటివారు ఏ పాట కోరిన ఆ పాట వాయించి నాలుగు కాసులు సంపాదించుకొను నేర్పరి. సంకలనము విన్నవారికి మాత్రము ఏదో శాపము తగిలిన ఏకాకి వినబడెను.

ఆ యెడమును కట్టుకథ నింపినది. అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో జాన్సన్ తన ఆత్మను దయ్యమునకు అమ్ముకొని విద్య సంపాదించెననుట ఆ కథ. నాలుగు దారుల కూడలిలో దిష్టి తీసి నిమ్మకాయలు పారవేయు మనకు ఈ కథ వెంటనే నచ్చును. కాని ఇట్టి కథనే అంతకుముందు టామీ జాన్సన్ అను మరియొక గాయకుని గూర్చి చెప్పుకొనిరి. 'క్రాస్‌రోడ్స్' పాటలోనైతే దయ్యమే లేదు. పొద్దు వ్రాలుచుండగా ఒక మనిషి కూడలిలో నిలిచి బండి నాపుటకు చేయెత్తుచున్నాడు, ఎవ్వరును ఆపలేదు, తన్ను ఎరిగినవారెవ్వరును లేరు, దైవమా దయచూడుమని మోకరిల్లుచున్నాడు. ఆనాటి మిసిసిపీలో చీకటి పడిన తరువాత ఒంటరిగ దారిపై నిలిచిన నల్లజాతి వానికి దయ్యముకంటె మనుష్యుల భయమే మెండు. కట్టుకథ ఆ చరిత్రను కప్పివేసినది. అంతకంటె, ఏండ్ల తరబడి చేసిన సాధనను దయ్యము ఖాతాలో వేయుట విద్వాంసునికి అన్యాయము.

ఇప్పుడు రేకు మాట. ఆళ్లగడ్డకు సమీపమున అహోబిలము కలదు. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) అచట ఆదివన్ శఠగోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించెనని ఆయన మనుమడు వ్రాసిన చరిత్ర చెప్పుచున్నది. ఆయన సంకీర్తనలు 32 వేలని ప్రతీతి. కుమారుడు పెదతిరుమలాచార్యుని కాలమున వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున ఒక అరలో భద్రపరచిరి. పిదప లోకము వానిని మరచినది. 1920వ దశకమున రేకులు మరల వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పండితులు వానిని చదివి, పరిష్కరించి, ముద్రింపజేసిరి. దొరకినవి ప్రతీతిలోని సంఖ్యకు సగముకంటె తక్కువ. 1980 ప్రాంతమున ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి 'బాలాజీ పంచరత్నమాల' లాంగ్ ప్లే రికార్డులు వెలువడిన పిమ్మట, పండితుల పుస్తకములలోని అన్నమయ్య ఇంటింటి అన్నమయ్య అయ్యెను. ఇచటను నిలిపినవారొకరు, తీసినవారొకరు, సంకలనము చేసి వినిపించినవారొకరు.

రెండు కథలకును గల భేదము గమనింపదగినది. రాగిరేకుపై సాహిత్యము నిలిచినది, రాగము పేరు నిలిచినది; స్వరము నిలువలేదు. నేడు మనము వినుచున్న వరుసలలో అధికభాగము తరువాతి విద్వాంసులు కూర్చినవి. లక్కప్లేటుపై స్వరము నిలిచినది, గొంతు నిలిచినది, వ్రేలి కదలిక సైతము నిలిచినది. మనిషి చరిత్ర నిలువలేదు. ఒకచోట పాటను ఊహింపవలసి వచ్చినది, ఇంకొకచోట పాడినవానిని. పాట, పాడినవాని వివరము రెండును కలిపి దాచినప్పుడే తరువాతివారికి ఊహతో పని తగ్గును.

మన సీమలో మూడవ విధమును కలదు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, కరవు కాలమున వేలమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని జనుల నోటి పాటలే మొదట కాపాడినవి. ఆ పాటలు సేకర్తల వ్రాతలకు ఎక్కుటచే నేడు మనకు మిగిలినవి. కాని వానిని పాడుచు ఊరూర తిరిగిన గాయకులలో ఎందరి పేర్లు మనకు తెలియును? ఎందరి గొంతులు మనకు మిగిలెను?

కనుక శ్రోతలకు మేము చేయు మనవి ఇది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతముల పాత యిండ్ల అటకలపై పద్యనాటకములవి, హరికథలవి, నాదస్వరమువి 78 వేగపు ప్లేట్లు నేటికిని ఉండవచ్చును. పగిలినవనియో, వాయించు యంత్రము లేదనియో పారవేయకుడు. బరువు పడకుండ, నిలువుగ పేర్చి యుంచుడు. ఎండ తగులనీయకుడు. స్పిరిటుతో తుడువకుడు; లక్క కరగిపోవును. మెత్తని పొడిగుడ్డ చాలును. మధ్యనున్న కాగితముపై గల పేర్లను, కంపెనీని, అంకెను, కాగితము ప్రక్కన నల్లని భాగముపై చెక్కిన సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసికొనుడు. లాంగ్ ప్లే రికార్డు ముల్లు వీనికి చాలదు. గీత వెడల్పైనది గనుక లావుపాటి ముల్లు గల యంత్రముపై ఒక్కమారు వాయించి కంప్యూటరులోనికి ఎక్కించినచో ఆ పాట మరల అరుగదు. ఇంటిలోని పెద్దలను అడిగి, పాడినవారెవరో, ఏ యూరివారో, ఎవరియొద్ద నేర్చిరో వ్రాయించి దానితోపాటు దాచుడు.

మిసిసిపీ పత్తిచేల కుర్రవాని పాటలు 29 మాత్రమే. వానిని ఎవ్వరో దాచిరి, ఎవ్వరో ఏరిరి, లోకము విన్నది. మన కుందూ ఒడ్డున ఎంతటి విద్వాంసులు పాడిరో చెప్పుటకు వారి పాటలను ముందు ఎవ్వరైనను దాచియుండవలెను.